నలభై ఏడో బల్ల సొరుగు

స్టేట్‌హౌస్ మొత్తంలో డెల్మర్ క్లుగ్ అబద్ధం చెప్పే చోటు ఒక్కటే. మిగతా భవనమంతా నిజమే చెప్తాడు, వద్దన్నా చెప్తాడు.

నలభై ఏళ్లు ఆ శాసనసభ భవనంలోనే వడ్రంగి పని చేసి, రిటైరయ్యాక ఇంట్లో కాళ్లు నిలవక, మంగళ గురువారాల్లో ఎర్ర వేస్టుకోటు తొడుక్కుని వచ్చిన జనానికి భవనం తిప్పి చూపిస్తున్నాడు. డెబ్బై ఏడేళ్లొచ్చాయి. మెట్లెక్కేటప్పుడు మోకాలు పలుకుతుంది కానీ నోటికి మాత్రం అలుపు లేదు.

తూర్పు మెట్ల దగ్గర మొదలుపెడతాడు. "ఈ రెక్క పునాది పద్దెనిమిది వందల డెబ్బై నాలుగులో వేశారు. అదిగో, ఆ పడమటి రెక్క అయ్యేసరికి ఇరవై రెండేళ్లు పట్టింది. ఈలోగా మొదటి గనిలో రాయి అయిపోతే ఇంకో గని రాయి తెచ్చారు. ఎండలో తేడా తెలీదు. వాన పడనివ్వండి, ఇది పసుపుపచ్చ, అది బూడిదరంగు. సవతి పిల్లల్లా వేరుపడిపోతాయి" అంటాడు. అక్కణ్ణించి గుమ్మటం కిందికి తీసుకెళ్లి ఎర్రటి పాలరాతి స్తంభాలు చూపిస్తాడు. అందరూ నోళ్లు తెరుస్తారు. "తట్టండి" అంటాడు. తడితే బోలుగా మోగుతుంది. "పాలరాయీ కాదు, పాడూ కాదు. గార, జిగురు, రంగు. గుమ్మటం ఎంత ఎత్తు ఉండాలో తేల్చుకోడానికి మనవాళ్లు పదకొండేళ్లు కొట్టుకున్నారు. ముగ్గురు ఆర్కిటెక్టులు మారారు. స్తంభాల దగ్గరికొచ్చేసరికి ఖజానాలో ఈగలు తోలుకుంటున్నారు మరి!" ఈ మాటకి జనం తప్పకుండా నవ్వుతారు. ఆ నవ్వు వింటే డెల్మర్‌కి కాఫీ తాగినంత హాయి.

తరవాత ప్రతినిధుల సభ. అబద్ధం ఉన్నది అక్కడ.

ఆ సభలో వంద వాల్‌నట్ బల్లలున్నాయి. సమావేశాల ఆఖరి రోజు స్పీకర్ సుత్తి దెబ్బ పడగానే సభ్యులు ఇళ్లకి పరిగెత్తరు. ఎవరి బల్ల సొరుగు వాళ్లు లాగి, బోర్లించి, దాని అడుగున పేరు, కౌంటీ, సంవత్సరం రాస్తారు. సుత్తి పడకముందు రాసినవాడు మళ్లీ గెలవడని ఒక నమ్మకం. ఒకరి పేరు మీద ఇంకొకరు రాయరు. సభ నడుస్తుండగా ఎవరైనా పోతే వాళ్ల పేరు పక్క బల్లవాళ్లు రాస్తారు. ఏ చట్టంలోనూ లేని సంగతే గానీ, ఆ గదిలో చేసిన చట్టాలకన్నా దీన్నే ఎక్కువ నిష్ఠగా పాటించారు. అందుకే కొన్ని సొరుగుల అడుగున నూట పాతికేళ్ల పేర్లు చీమల బారులా కనిపిస్తాయి.

ముప్ఫై ఒకటి నుంచి అరవై ఒకటి దాకా ఉన్న బల్లల్లో మాత్రం పాత పేర్లు లేవు. అక్కడికొచ్చేసరికి డెల్మర్ గొంతు సవరించుకుంటాడు. "డెబ్బై ఒకటిలో నేలమాళిగలో నీళ్ల పైపు పగిలింది. మరమ్మతుకని దింపిన ముప్ఫై ఒక్క సొరుగులూ వరదలో నానిపోయాయి. పేర్లన్నీ కొట్టుకుపోయాయి." జనం అయ్యో అంటారు. ఈ కథ మొదలుపెట్టినప్పుడు చీలమండల దాకా ఉండే నీళ్లు ఏడాదికో అంగుళం పెరిగి ఈమధ్య మోకాళ్లు దాటాయి. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. అతికించడం వడ్రంగికి ఒకరు నేర్పాలా?

జూన్‌లో ఒక గురువారం పొద్దున, పదిన్నరకి రావలసిన బడిపిల్లల కోసం డెల్మర్ సభ తలుపు దగ్గర నిలబడి ఉండగా, సందర్శకుల విభాగం చూసే టెస్ ఓబర్గ్ ఒక ముసలావిణ్ణి వెంటబెట్టుకొచ్చింది. సన్నగా, నిటారుగా ఉందావిడ. చేతిలో కర్ర ఉంది గానీ దాన్ని మోస్తోందే తప్ప దానిమీద ఆనుకోవడం లేదు.

"డెల్మర్ గారూ, ఈవిడ మర్లిస్ టోఫ్ట్. వెర్డన్ కౌంటీ నుంచి నాలుగు గంటలు తనే కారు నడుపుకుంటూ వచ్చారు. వాళ్లమ్మగారు నలభై తొమ్మిదిలో ఇక్కడ సభ్యురాలట. ఆవిడ బల్ల చూడాలంటున్నారు. పిల్లలొచ్చేలోపు కాస్త చూపిస్తారా?"

"దానికేం భాగ్యం! అమ్మగారి పేరు?"

"ఐడెల్లా స్ట్రౌడ్" అందావిడ. "నలభై ఏడో బల్ల."

డెల్మర్ యాభై మూడేళ్లుగా ఆ పేరు ఎవరి నోటా వినలేదు. తన నోట కూడా రానివ్వలేదు.

టెస్ వెళ్లిపోయింది. ఖాళీ సభలో ఎత్తైన కిటికీల్లోంచి ఎండ వరసలు వరసలుగా పడుతోంది. ఆవిణ్ణి నలభై ఏడు దగ్గరికి తీసుకెళ్లి కుర్చీ లాగాడు. ఆవిడ కూర్చుని, సంచీలోంచి ఒక ఫొటో తీసి బల్లమీద పెట్టింది. టోపీ పెట్టుకున్న ఒకావిడ ఇదే బల్ల దగ్గర నవ్వుతూ నిలబడి ఉంది. చేతిలో బోర్లించిన సొరుగు. అడుగున రాసింది ఫొటోలో ఆనదు.

"పేపరువాళ్లు తీశారు. పల్లెబడి పంతులమ్మ ఎన్నికల్లో గెలిచిందంటే అప్పట్లో వింతే కదా" అంది మర్లిస్. "మా పల్లె పిల్లలకి బస్సులు కావాలని ఆ ఒక్క విడతా అమ్మ అరిచి గోల పెట్టింది. బస్సులొచ్చాయి. మరుసటి ఎన్నికల్లో ఓడిపోయింది."

"రివాజేగా" అన్నాడు డెల్మర్. ఆవిడ నవ్వింది. నవ్వు అచ్చు ఫొటోలోదే.

ఆవిడ సొరుగు లాగబోయింది. డెల్మర్ చెయ్యి దానంతటదే అడ్డం వెళ్లింది. "అందులో పాత పేర్లు లేవమ్మా. డెబ్బై ఒకటిలో నేలమాళిగలో..."

"పైపు పగిలింది. తెలుసు. నేను రెండుసార్లు ఉత్తరం రాస్తే రెండుసార్లూ అదే జవాబు. బెజ్‌డెక్ అనే మేస్త్రీ సొరుగుల్ని పైపు కింద పెట్టి పాడుచేశాడట. ఏం మనిషండీ! నాలుగు మెతుకులు తినేవాడెవడైనా పైపు కింద పెడతాడా?"

డెల్మర్ సొరుగు మీంచి చెయ్యి తీశాడు.

"పేరు చూడ్డానికి రాలేదు లెండి. ఒక సంగతి అడుగుదామని వచ్చాను. మీరు అప్పుడు ఇక్కడే పనిచేసేవారని ఆ అమ్మాయి చెప్పింది." ఆవిడ కర్రని ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది. "నాకు ఆరేళ్లప్పుడు మా అమ్మ నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది. ఆఖరి రోజు. తన పేరు రాసి, నన్ను ఒళ్లోకి లాక్కుని, నా చేతిలో పెన్సిల్ పెట్టి, నా చెయ్యి మీద తన చెయ్యి వేసి, కింద నా పేరు రాయించింది. ఇది నాకు బాగా గుర్తు. కానీ మా అన్నయ్య రాయిస్ ఒప్పుకునేవాడు కాదు. 'నువ్వసలు రానేలేదే, ఒళ్లంతా తట్టు పోసి ఇంట్లో ఉన్నావు, నేనెళ్లాను, నా నోట విని నీదనుకుంటున్నావు' అనేవాడు. డెబ్బై ఏళ్లు ఇదే పేచీ. పోయిన చలికాలం పోయాడు. పోయేముందు కూడా అదే మాట."

"మీ దగ్గర అమ్మగారి కాగితాలేవైనా..."

"మా అమ్మ నాకు తొమ్మిదేళ్లప్పుడే పోయింది. నాన్న మళ్లీ చేసుకున్నాడు. కొత్తావిడ పాత కాగితాలన్నీ పెరట్లో పీపాలో వేసి కాల్చేసింది. అమ్మ చేతిరాత ముక్క లేదు నా దగ్గర. ఆ చెయ్యి ఒక్కటే గుర్తు. అదీ నాది కాదంటే, ఇంక నాకు మా అమ్మ ఏదండీ?" చాలాసార్లు లోలోపల అనుకుని అరిగిపోయిన మాటలు అవి. "సొరుగులు పాడవకముందు మీరు వాటిని చూసే ఉంటారు. ఒక పెద్ద పేరు కింద చిన్నపిల్ల రాత. చూశారా?"

"లేదమ్మా" అన్నాడు డెల్మర్.

అలవాటైన నోరు. అతను ఆలోచించేలోపే అనేసింది.

డెబ్బై ఒకటిలో స్టేట్‌హౌస్‌కి కొత్త మోజు పట్టింది. రంగుల పైకప్పు కింద తెల్ల పలకల దొంగకప్పు బిగించారు. గాజు దీపాలు పెట్టెల్లోకి పోయాయి. చెక్కుడు పలకల నేలమీద నారింజ రంగు తివాచీ పరిచారు. బల్లలకి మైకులు పెట్టాలన్నారు, నల్లబడ్డ పాత వార్నిష్ పోవాలన్నారు. ఇరవై నాలుగేళ్ల డెల్మర్ పనిలో చేరి నాలుగు నెలలు. పైన మేస్త్రీ ఆంటన్ బెజ్‌డెక్, అరవై నాలుగేళ్లవాడు, వాళ్లావిడ కాల్చిన జామ్ బన్నులు, కొలాచీలంటారు వాళ్లు, రోజూ టిఫిన్ డబ్బాలో తెచ్చి తనకి రెండూ డెల్మర్‌కి మూడూ పెట్టే మనిషి.

"బల్లల పైభాగం ఎలా గీక్కుంటావో నీ ఇష్టంరా అబ్బాయ్. సొరుగుల జోలికి మాత్రం వెళ్లకు. అవి నేను చేత్తో చూసుకుంటా" అన్నాడు బెజ్‌డెక్. ఎందుకో చెప్పలేదు. ఆ భవనంలో అందరికీ తెలిసిన సంగతి వీడికి తెలియదని ఆయనకి తట్టలేదు. ఆ వారమే హెర్నియా ఆపరేషనని పది రోజులు ఆస్పత్రిలో చేరాడు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. మేస్త్రీ వచ్చేసరికి మొదటి జట్టు బల్లలు సొరుగులతో సహా తళతళలాడించి 'వీడు పనోడురా' అనిపించుకోవాలని డెల్మర్‌కి ఆరాటం. శుక్రవారానికి అయిపోవాలనుకున్నాడు. చేత్తో గీకితే నెల. వెనక షెడ్డులో పాత రేడియేటర్లు కడిగే, వార్నిష్ ఇట్టే తినేసే కాస్టిక్ సోడా తొట్టి ఉంది. సొరుగులు ముప్ఫై ఒకటి తోపుడుబండిమీద వేసుకెళ్లాడు. పైన ఉన్నది బోర్లా ఉంది. అడుగున ఏవో పేర్లు, వాటి చివర ఐడెల్లా స్ట్రౌడ్, వెర్డన్ కౌంటీ, 1949. దాని కింద నీలం పెన్సిల్‌తో, ఒకటి చిన్నది ఒకటి పెద్దది, మెట్లు దిగుతున్నట్టు పడిన అక్షరాల్లో: మర్లిస్.

అతనికి నవ్వొచ్చింది. ఓహో, పిల్లలు కూడా గీశారన్నమాట! బడి బెంచీల మీద గీతలే అనుకున్నాడు. మేస్త్రీ దీనికా ఇంత బిల్డప్ ఇచ్చింది అనుకున్నాడు. ముంచేశాడు.

కాస్టిక్‌కి సిరా, పెన్సిలు పోయాయి. కత్తితో చెక్కినవి మిగిలితే చిత్రికపట్టి తీసేశాడు. అతుకు ఊడిన మూలలు మళ్లీ అతికించి, ఉప్పుకాగితం పట్టి, ఎండలో వరసగా పెట్టాడు. సోమవారం బెజ్‌డెక్ పొట్ట పట్టుకుని నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు. వరస చూశాడు. ఒకటి తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. మేకుల పెట్టె మీద కూలబడ్డాడు.

"చదివావా?" అన్నాడు.

"దేన్ని మేస్త్రీ?"

బెజ్‌డెక్ ఆ నున్నటి అడుగుని బొటనవేలితో రుద్దాడు. తరవాత చెప్పాడు, ఆ పేర్లేమిటో, సుత్తి దెబ్బేమిటో, పోయినవాళ్ల పేర్లు పక్కవాళ్లు రాయడమేమిటో. డెల్మర్ చేతిలో ఉప్పుకాగితం పక్కన పడేశాడు.

"నేనెళ్లి చెప్పేస్తాను."

"నోర్ముయ్. నీ పెళ్లానికి ఎన్నో నెల?"

"ఎనిమిది."

"మరి? ఈ పూటే ఊడబీకుతారు నిన్ను. నాకింకా రిటైరవడానికి ఆర్నెల్లే మిగిలింది, నన్నేం చేస్తార్రా? అతుకు ఊడింది, చెక్క ఉబ్బింది, నీళ్లన్నా నమ్ముతారు. పైపు కింద పెట్టింది నేను. విన్నావా? నేను. నేను బతికుండగా నీ నోట్లోంచి ఇంకో మాట రాకూడదు."

సభ గుమాస్తా నడవలో పదిమంది ముందు ఆయన్ని దులిపేశాడు. పేపర్లో పేరు పడింది. భవనం చరిత్ర పుస్తకంలోనూ ఒక వాక్యమై కూర్చుంది. మర్నాడు కూడా డబ్బాలో మూడు కొలాచీలు డెల్మర్‌వే. తిన్నాడు.

స్టేట్‌హౌస్‌లో పనివాళ్లకీ ఒక రివాజుంది. రిటైరయ్యే రోజు గుమ్మటం లోపలి ఇనప మెట్లన్నీ ఎక్కి, చిట్టచివరి దూలం మీద పేరు రాసి రావాలి. కింద సభ్యుల పేర్లు, పైన పనివాళ్ల పేర్లు. ఆర్నెల్ల తరవాత అందరూ కేకు కోసి, ఎక్కమని తోస్తే బెజ్‌డెక్ చెయ్యి ఊపేశాడు. "పేర్లు పోగొట్టినవాడి పేరు పైనెందుకురా" అని నవ్వాడు. డెల్మర్ నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

డెబ్బై ఎనిమిదిలో బెజ్‌డెక్ పోయాడు. నోరు కట్టేసినవాడు పోయాక కూడా డెల్మర్ నోరు పెగల్లేదు. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. మొదట ఉద్యోగం కోసం, తరవాత ప్రమోషన్ కోసం, తరవాత ఊరికే. దొంగకప్పులు ఊడదీసి, తివాచీలు పీకి, భవనానికి పాత రూపం తెచ్చే పని మొదలైనప్పుడు అతనే మేస్త్రీ. పాతవన్నీ మళ్లీ బయటికొచ్చాయి. ఆ పేర్లు తప్ప. తను రిటైరైన రోజు ఇనప మెట్లెక్కి దూలం మీద పేరు రాశాడు. పక్కన ఆంటన్ పేరు కూడా రాద్దామా అని పెన్సిల్ ఎత్తాడు. రాయడానికి నాకేం హక్కుందని ఆగిపోయాడు. అన్ని చోట్లా ఆగిపోవడం అతనికి అలవాటే.

"అయితే రాయిస్ అన్నదే నిజం" అంది మర్లిస్.

ఫొటో సంచీలో పెట్టేసుకుంది. కుర్చీ చేతుల మీద బరువు వేసి లేవబోయింది. ఇందాకటి నిటారుతనం లేదు. "పోన్లెండి. ఎనభై ఒక్కేళ్లొచ్చాయి. లేనిదాన్ని పట్టుకుని వేలాడ్డం ఇంకెన్నాళ్లు? వాడికి పై లోకంలో చెప్తాను, నువ్వే గెలిచావురా అని."

"కూర్చోండమ్మా" అన్నాడు డెల్మర్.

"మీకు పిల్లలొస్తారు కదా."

"రానివ్వండి. కూర్చోండి." అతనే ముందు పక్క కుర్చీలో, నలభై ఎనిమిదో బల్ల దగ్గర కూలబడ్డాడు. ఎర్ర వేస్టుకోటు గుండీ ఒకటి విప్పాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "మీ పేరు ఉంది. మీ అమ్మగారి పేరు కిందే ఉంది. నేను చూశాను."

ఆవిడ మళ్లీ కూర్చుంది.

"అక్షరాలు మెట్లు దిగినట్టు కిందికి పోయాయి. మొదటిది పెద్దది. ఆఖరిది సొరుగు అంచు దాకా వచ్చేసింది, చోటు చాల్లేదు. నీలం పెన్సిలు."

"నీలం అని నేను మీకు చెప్పలేదు" అంది మర్లిస్ మెల్లిగా.

"చెప్పలేదు."

"రెండువైపులా చెక్కిన పెన్సిలు. ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం. ఏ రంగు కావాలే అని అడిగింది అమ్మ." ఆవిడ తన కుడిచేతిని ఎడంచేత్తో కప్పుకుంది. మొహంలో ఒక్కసారిగా ఇంత వెలుగొచ్చింది. డెల్మర్ ఆ వెలుగు చూడలేక కిటికీ వైపు తిరిగాడు. ఇంకా చెప్పాల్సింది మిగిలే ఉంది.

"ఇందాక లేదన్నారెందుకు?" అంది.

"వరద రాలేదమ్మా. పైపూ పగల్లేదు. నేనే కాస్టిక్‌లో ముంచాను. ముట్టుకోవద్దని మేస్త్రీ చెప్పినా వినలేదు. ఆయన నాకోసం తన నెత్తిన వేసుకున్నాడు."

చెప్తే గుండె తేలికపడుతుందని అంటారు. అదేం లేదు. చెప్పాక ఆవిడ మొహం చూడాల్సి వచ్చింది, అది ఇంకా బరువు.

మర్లిస్ సొరుగు లాగింది. ఈసారి అతను అడ్డం పెట్టలేదు. బోర్లించింది. ఒక చివర డెబ్బై రెండు నుంచి రాసిన పేర్లున్నాయి. మిగతా అంతా తేనె రంగు చెక్క. మీద అరచెయ్యి పెట్టి, ఈ మూల నుంచి ఆ మూలకి నెమ్మదిగా రాసింది.

"బాగా చేశారు పని" అంది. "ఎంత నునుపుగా ఉంది!"

కొట్టినా బాగుండేది అనిపించింది అతనికి.

"నేను చదివింది ఇదొక్కటే..." అని మొదలుపెట్టి ఆగాడు.

ఆవిడ తలెత్తింది. చురుకైన కళ్లు. "దీన్ని చూశారు. చూసి కూడా ముంచారు. నా రాత చూసే కదా, పిల్ల గీతలనుకుని ముంచింది?"

"కాదమ్మా" అన్నాడు డెల్మర్. "చూసుకోలేదు. ముందు ముంచాను, తీశాకే కాస్త మసగ్గా కనిపించింది. అప్పటికే ఆలస్యమైపోయింది."

ఆ రోజుకి అతను చెప్పాలనే చెప్పిన అబద్ధం అదొక్కటి. ఆవిడ నమ్మిందో లేదో తెలీదు. నమ్మినట్టు తల ఊపింది.

"ఆ బెజ్‌డెక్‌ని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో తెలుసా?" అంది. "మొదటి ఉత్తరం వచ్చి పదేళ్లు, అప్పట్నుంచీ. చేతులు పడిపోనూ అన్నాను. చచ్చిన మనిషిని. ఇప్పుడా తిట్లన్నీ ఎక్కడ పెట్టుకోను? మీ మీద వేద్దామంటే, నా పేరు చూసినవాడు మీరొక్కరే మిగిలారు."

"వెయ్యండి."

"వేస్తాను. ఇంటికెళ్లాక వేస్తాను. నాలుగు గంటల దారి ఉందిగా."

బయట నడవలో పిల్లల బూట్ల చప్పుడు, టీచరు "వరసలో, వరసలో" అనడం వినిపించాయి. డెల్మర్ లేచాడు. జేబులోంచి వడ్రంగి పెన్సిల్ తీసి ఆవిడ ముందు పెట్టాడు. "మళ్లీ రాయండమ్మా. ఎవరూ ఏమీ అనరు. అంటే నేను చూసుకుంటాను."

"వద్దు. నేను రాసేశాను" అంది మర్లిస్. పెన్సిల్‌ని వేలితో అతని వైపు నెట్టింది. "ఆ పిల్లలకి ఏం చెప్తారు?"

డెల్మర్ పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ లేచి, ఇప్పుడు నిజంగానే కర్ర మీద ఆనుకుంటూ, వెనక గోడ పక్క బెంచీ మీద కూర్చుంది. వెళ్లిపోతుందనుకున్నాడు. వెళ్లలేదు.

నాలుగో తరగతి పిల్లలు ఇరవై ఆరుమంది వచ్చి బల్లల మధ్య నిలబడ్డారు. డెల్మర్ పైకప్పు చూపించాడు. దొంగకప్పు బిగించడానికి అందులో నాలుగు వందల మేకులు కొట్టిన సంగతి, ఆ చిల్లులు పూడ్చిన సంగతి చెప్పాడు. సుత్తి సంగతి చెప్పాడు. తొమ్మిదో బల్ల సొరుగు బోర్లించి పేర్లు చూపించాడు. పిల్లలు మీదమీద పడి చూశారు. తరవాత నలభై ఏడు దగ్గరికొచ్చాడు. సొరుగు ఇంకా బోర్లించే ఉంది.

"దీనికి ఎక్కువ లేవేంటి పేర్లు?" అంది రెండు జడల పిల్ల ఒకత్తి.

డెల్మర్ గొంతు సవరించుకున్నాడు. వరద నీళ్లు నాలుక చివరిదాకా వచ్చాయి. బెంచీ వైపు చూడలేదు.

"పైపు పగిలి వరదొచ్చిందని చెప్తాం మేం. పుస్తకంలో కూడా అలాగే ఉంటుంది. అది అబద్ధం. నేనే చెరిపేశాను. ముప్ఫై ఒక్క బల్లలు. ఆంటన్ బెజ్‌డెక్ అని మా మేస్త్రీ ఉండేవాడు, చాలా మంచివాడు. తప్పు తనదని చెప్పి నన్ను కాపాడాడు. తప్పు ఆయనది కాదు."

టీచరు కంగారుగా చూసింది.

"ఎందుకు చెరిపేశారు?" అంది జడల పిల్ల.

"శుక్రవారానికి పని అయిపోవాలని."

ఆ పిల్లకి అది జవాబులా అనిపించలేదు. ఇంకా ఏదో చెప్తాడని చూసింది.

"పోనీ, ఎవరెవరి పేర్లున్నాయో మీకు గుర్తున్నాయా?"

"రెండు గుర్తున్నాయి" అన్నాడు డెల్మర్. సభలో హాజరు పిలిచే గుమాస్తా పిలిచినట్టు, నిలబడి, గొంతెత్తి పలికాడు. "ఐడెల్లా స్ట్రౌడ్, వెర్డన్ కౌంటీ. దాని కింద, మర్లిస్."

"ఉన్నాను" అంది వెనక నుంచి ఒక గొంతు.

పిల్లలందరూ గిరుక్కున తిరిగి చూశారు. గోడ పక్క బెంచీ మీద ముసలావిడ కుడిచెయ్యి ఎత్తి ఉంచింది. దింపడానికి చాలాసేపు పట్టింది.

జడల పిల్ల ఆవిణ్ణి చూసింది, బల్లని చూసింది, మళ్లీ డెల్మర్ వైపు తిరిగింది.

"మరి మిగతావాళ్లు?"

"తెలీదమ్మా" అన్నాడు డెల్మర్. "చదవలేదు."